ముంతకోనకు మంజూరైనవి

పూతలపట్టు దగ్గర పెద్దరోడ్డు దిగి పద్దెనిమిది కిలోమీటర్లు లోపలికి పోతే కోనకిందపల్లె వస్తుంది. ఊరి వెనక గుట్టల మధ్య నలభై అడుగుల ఎత్తునుంచి నీళ్లు దూకి, ముంతలాంటి గుండ్రటి మడుగులో పడతాయి. దాన్ని ముంతకోన అంటారు. మడుగు నిండి పొర్లిన నీళ్లు కాలవగా ఊళ్లోకి వస్తాయి. ఊరికి తాగను, పశువులకు, కింది చేలకు ఆ కాలవే ఆధారం.

ఎస్తేరు మామిడితోటల్లో కూలికి పోయే మనిషి. కోనకు పోయి నీళ్లకింద నిలబడే తీరిక ఆమెకెప్పుడూ లేదు. ఆరేళ్ల కిందట ఎవరో ఫోన్లో కోన వీడియో పెట్టాక చిత్తూరు నుంచీ బెంగుళూరు నుంచీ కార్లు రావడం మొదలైంది. ఆదివారం వచ్చి తాగి పోయేవాళ్లు సీసాలు బండలమీదే పగలగొట్టేవాళ్లు. ఒకరోజు ఆమె భర్త కాలవలో దిగి గాజుపెంకు తొక్కాడు. షుగరున్న మనిషి. రెండు వేళ్లు తీసేశారు, మూడు నెలలు మంచంలో ఉన్నాడు.

ఆ వేళ్లు తీసిన మరుసటి ఆదివారం ఎస్తేరు గోనెసంచి పట్టుకుని కోనకు పోయే దారిలో నిలబడింది. వచ్చినవాళ్లను సంచులు తెరిచి చూపించమంది. మొదటి కారువాళ్లు నవ్వి పక్కనుంచి పోయారు. రెండో కారువాళ్లు ఫోటో తీశారు. అక్కడ పశువులు మేపుకుంటున్న చెంగల్రాయుడు అంతా చూసి, చేతికర్రతో వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు నవ్వలేదు.

అలా ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు పదకొండు మందయ్యారు. పైనుంచి ఎవరూ చెప్పకుండానే పద్ధతులు పెట్టుకున్నారు. గాజుసీసా లోపలికి పోకూడదు. రోజుకు రెండు వందల మందికి మించి పంపకూడదు. పైగుట్టమీద మేఘం కమ్మితే, కింద ఎండ కాస్తున్నా సరే, మడుగులోంచి అందరూ బయటికి రావాలి. ఆ మేఘాన్ని కనిపెట్టే పని చెంగల్రాయుడిది. అమల అనే ఊరి కోడలుపిల్ల ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి సంగటి, ఊరుబిండి పచ్చడి, కోడికూర వండిపెట్టేది. ఎండాకాలంలో రెండు నెలలు కోన పూర్తిగా మూసేసేవాళ్లు. ఎందుకని ఎవరైనా అడిగితే చెంగల్రాయుడు ఒకటే చెప్పేవాడు.

“ఆ రెండు నెల్లు గుట్టమింద జీవాలకు ఇంగ యాడా నీళ్లుండవప్పా. మనం పొయ్యి ఆడ కూసుంటే అవి యాడికి పోతాయి?”

రెండేళ్ల కిందట రఘునాథ్ వచ్చాడు. పలమనేరు మనిషి, చిత్తూరులో పర్యాటకం పనులు చూసే ఉద్యోగి. ముందుగా చెప్పకుండా మోటార్‌సైకిలు మీద వచ్చి, అందరిలాగే వరసలో నిలబడి సంచి చూపించాడు. అన్నం తిని, సాయంత్రం దాకా తిరిగి, అప్పుడు తానెవరో చెప్పాడు.

“మీరు చేస్తా ఉండేదాన్నే సుస్థిర పర్యాటకం అంటారమ్మా. మా ఆఫీసులో దానిమీద ఇంత లావు పుస్తకాలుండాయి. జరగతా ఉంటే సూసింది మాత్రం ఈడనే.”

“ఆ పేరు మాకు తెల్దు సార్,” అంది ఎస్తేరు.

“పేరుతో పన్లేదు. మీకేం కావాల్నో చెప్పండి. ప్రభుత్వం కొత్త పథకం పెడతా ఉండాది. ఈసారి ఇట్లాంటి చోట్లకే ముందు అంటా ఉండారు.”

పదకొండు మందీ ఆ సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నారు. ఆడవాళ్లకు మరుగుదొడ్లు. వారానికొకసారి చెత్త తీసుకుపోను బండి. మడుగులోకి దిగే జారుడుబండ దగ్గర పట్టుకోను ఇనప కడ్డీ. కాపలా ఉండేవాళ్లకు నెలకు ఎంతో కొంత జీతం. ఇంతకన్నా వాళ్లకేమీ తోచలేదు. రఘునాథ్ అన్నీ రాసుకున్నాడు. ఫోటోలు తీసుకున్నాడు. పోతూ పోతూ చెంగల్రాయుడి చేయి పట్టుకుని, “ఇది నేను వదల్ను పెద్దాయనా,” అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడని ఎస్తేరుకు ఇప్పటికీ నమ్మకమే.

నాలుగు నెలల తర్వాత చిత్తూరులో సమావేశానికి రమ్మని ఎస్తేరుకు కబురొచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చెంగల్రాయుడిని తోడు తీసుకుని పొద్దున బస్సుకు పోయింది. చల్లటి గది. గోడమీద పెద్ద తెర. తెరమీద ఆమె బొమ్మే ఉంది, గోనెసంచి పట్టుకుని. ఆమెకు సిగ్గేసింది. మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. రెండు నిమిషాల్లోనే తమకు కావలసిన నాలుగూ చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పైనుంచి వచ్చిన పెద్ద అధికారి, “చాలా బాగా చెప్పావమ్మా,” అన్నాడు. మనిషి మర్యాదస్తుడే. తర్వాత రఘునాథ్ వైపు తిరిగాడు. “అయితే వీటిలో మన పథకం కిందికి వచ్చేదేముంది? మరుగుదొడ్లకు వేరే శాఖ ఉంది. చెత్త పంచాయతీ చూసుకోవాలి. జీతాలకు, నిర్వహణకు మనం పైసా ఇవ్వడానికి వీల్లేదు. కట్టడాలకే నిధులు. అదీ మార్చిలోగా ఖర్చుపెట్టాలి.”

“సార్, కడ్డీ కట్టడమే కదా,” అన్నాడు రఘునాథ్ మెల్లగా.

“ఒక కడ్డీకి శంకుస్థాపన చేయిస్తామా రఘునాథ్?”

కొందరు నవ్వారు. రఘునాథ్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. అప్పుడు నివేదికలు తయారుచేసే కంపెనీ కుర్రాడొకడు లేచి తెరమీద వేరే బొమ్మలు వేశాడు. కంప్యూటర్లో గీసిన ముంతకోన. దారి మొదట్లో పెద్ద ఆర్చి, దానికి సోలార్ దీపాలు. మడుగుకు అడ్డంగా గోడ, గోడ వెనక నిండా నీళ్లు, నీళ్లమీద పసుపుపచ్చ పడవలు. బండల మీదుగా అద్దాల వంతెన. సోలార్ దీపాలున్నాయి కాబట్టి సుస్థిరం అన్నాడు. ఎండాకాలంలో కూడా పడవలు తిరుగుతాయి కాబట్టి ఏడాదంతా ఆదాయం అన్నాడు. ప్రాధాన్యతల పట్టికలో ఇవి మొదటి విడత. మరుగుదొడ్లు రెండో విడత.

చెంగల్రాయుడు ఎస్తేరు చెవిలో అడిగాడు. “ఆ గోడ కడితే కాలవకు నీళ్లెట్ల వస్తాయి మే?”

ఆమె లేచి ఆ మాటే అడిగింది. తూము పెడతామమ్మా, నీళ్లు వదులుతారు, అని కుర్రాడు చెప్పాడు. అప్పటికే తెరమీద వేరే ఊరి బొమ్మ వచ్చేసింది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర రఘునాథ్ వాళ్లకు టీ ఇప్పించాడు. తాను మాత్రం తాగలేదు.

“రెండో విడత ఎప్పుడు సార్?” అని ఎస్తేరు అడిగింది.

“మొదటిది అయినాక,” అన్నాడు. ఆమె ముఖం చూసి మళ్లీ అన్నాడు. “నాకు తెల్దమ్మా. అబద్ధం చెప్పలేను.”

సంక్రాంతి పోయిన వారానికి జేసీబీలు వచ్చాయి. మార్చి ముగిసేలోగా గోడ లేచింది, ఆర్చి లేచింది. అద్దాల వంతెనకు డబ్బు చాలక రెండు స్తంభాల దగ్గర ఆగిపోయింది. జారుడుబండకు కడ్డీ రాలేదు. ప్రారంభోత్సవం రోజు పదకొండు మందినీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎస్తేరు చేత పూలు ఇప్పించారు.

కోన నడిపే పని ఎవరిదనేది గోడ సగంలో ఉండగానే వచ్చింది. అంతదాకా అది తమదేనని వాళ్లనుకున్నారు. టెండరు పిలిచారని రఘునాథ్ ఫోన్ చేసి చెప్పాడు. మూడేళ్ల అనుభవం, ఏటా ఇంత వ్యాపారం చేసినట్టు ఆడిటరు సంతకం, ముందుగా కట్టవలసిన ధరావతు సొమ్ము, ఇవన్నీ ఉండాలట.

“అనుభవం ఉండాది గదా సార్ మాకు. ఐదేండ్లు,” అంది ఎస్తేరు.

“కాగితం మింద లేదమ్మా. మిమ్మల్నొక సంఘంగా రిజిస్టర్ చేయించమని నేను మొదట్నే చెప్పాల్సింది. తప్పు నాదే. మీకు మినహాయింపు ఇమ్మని పైకి రాసినాను. ఒక్క ఊరికిస్తే అన్ని ఊర్లూ అడుగుతాయని తిప్పి పంపినారు.”

బయటి కంపెనీ ఒకటి టెండరు దక్కించుకుంది. దాని మేనేజరు రవిచంద్ర ముప్పై ఏళ్ల మనిషి. వచ్చిన మొదటిరోజే ఊళ్లోకి వచ్చి, ఎవరి కడుపూ కొట్టను, ఊడ్చే పనికి నలుగురిని, వంటశాలలో ఇద్దరిని తీసుకుంటాను అన్నాడు. అందరికన్నా ముందు అమల ఒప్పుకుంది. ఆ సాయంత్రం ఎస్తేరింటికి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

“నన్ను తిట్టు అత్తా.”

“ఎందుకు తిట్టేది? పిల్లకాయలు ఇద్దరుండారు నీకు. ఫో.”

“నువ్వూ రా. రవిచంద్ర సారు నిన్ను అడగమన్న్యాడు.”

“నేను రాను లే,” అంది ఎస్తేరు. కోపంతో అనలేదు. కంపెనీ ఇచ్చే నారింజరంగు కోటు వేసుకుని ఆ దారిలో చీపురు పట్టుకోవడం తనవల్ల కాదని మాత్రం ఆమెకు తెలిసింది. మరుసటిరోజు నుంచి మళ్లీ మామిడితోటకు పోవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. ఏప్రిల్ రెండో వారంలో కాలవ సన్నగిల్లింది. మూడో వారంలో ఆగిపోయింది. ఎండాకాలంలో కాలవ సన్నబడటం మామూలే, చేతి వెడల్పు ధార మాత్రం ఏ ఏడూ తప్పేది కాదు. ఈసారి ఇసుక తేలింది. ఊరి చేదబావి అడుగంటింది. దుప్పులు పట్టపగలే మామిడితోటల్లోకి దిగాయి. తోటకుక్కలు ఒకదాన్ని పట్టుకున్నాయి. చెంగల్రాయుడు కర్రతో పోయేసరికే దాని పని అయిపోయింది.

మరుసటి పొద్దున ఆయనా ఎస్తేరూ కోనకు పోయారు. టికెట్ల దగ్గర కాపలావాడు కొత్తవాడు, వాళ్లను ఎరగడు. టికెట్ తీసుకోమన్నాడు. అమల పరుగున వచ్చి, మా ఊరోళ్లే అని చెప్పి లోపలికి తీసుకుపోయింది. గోడ వెనక మడుగు నిండా నీళ్లున్నాయి. నాలుగు పడవలు తిరుగుతున్నాయి. తూము తలుపు మూసి తాళం వేసుంది.

రవిచంద్ర వాళ్లకు కుర్చీలు వేయించాడు, నీళ్లిప్పించాడు.

“పెద్దాయనా, నేను మీతో పోట్లాడను. తూము తెరిస్తే నాలుగు రోజుల్లో పడవలు ఆగిపోతాయి. ఏడాదికింత అని మేం ముందే కట్టేసినాం. ఎండాకాలం సెలవులే మాకు సీజను. ఎంత నీళ్లు వదలాలో ఒప్పందంలో ఒక్క ముక్క లేదు. ఉంటే వదిలేవాణ్ణి. చిత్తూరు నుంచి కాగితం తెండి, ఈ నిమిషమే తాళం తీస్తాను.”

“రాత్రుల్లన్నా వదలగూడదా అప్పా? పడవలు తిరగవు గదా అప్పుడు,” అన్నాడు చెంగల్రాయుడు.

“పొద్దునకు నీళ్లు తగ్గితే నన్ను అడుగుతారు. నాదీ ఉద్యోగమే.”

అందులో అబద్ధమేమీ లేదు. పోట్లాడదామని వచ్చిన ఎస్తేరుకు పోట్లాడటానికి మనిషి దొరకలేదు.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని ఇద్దరూ చిత్తూరు పోయారు. అర్జీ రాయించారు, టోకెను తీసుకున్నారు, మధ్యాహ్నం దాకా వరసలో కూర్చున్నారు. తీసుకున్నాయన శ్రద్ధగానే చదివి, నీటిపారుదల వాళ్లకు పంపాడు. పది రోజులకు ఫోనుకు మెసేజి వచ్చింది. ఆ కాలవ తమ లెక్కల్లో లేదు, పర్యాటకం వాళ్లకు పంపుతున్నాం అని. ఇంకో పదిహేను రోజులకు పర్యాటకం నుంచి వచ్చింది. ఆమోదించిన ప్రణాళిక ప్రకారమే పని పూర్తయింది, అర్జీ ముగించడమైనది అని. మళ్లీ పెట్టారు. అది అటవీశాఖకు పోయింది. ఈలోపు ఊరికి రెండు రోజులకొక ట్యాంకరు వచ్చేది. అది మనుషులకే చాలేది కాదు. జూన్ మొదట్లో చెంగల్రాయుడు తన ఐదు ఆవులనూ పలమనేరు సంతకు తోలుకుపోయాడు. బక్కచిక్కిన ఆవులకు ఎంత వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం రఘునాథ్ ఊరికి వచ్చాడు. ఆఫీసు పనిమీద కాదు. ఎస్తేరింటి అరుగుమీద ఎండిన కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు.

“నేను రాసిన నివేదికలో గోడ లేదమ్మా,” అన్నాడు చివరకు. “అట్లని నా సంతకం లేని కాగితమూ లేదు. ముందు మీ గురించి నేను రాసిన పది పేజీలు పెట్టి, ఎనక వాళ్ల గోడ పెట్టినారు. మిమ్మల్ని సూసి డబ్బులు ఇచ్చినారు, గోడకు ఖర్చుపెట్టినారు.”

“మీరేం చేస్తారు సార్,” అంది ఎస్తేరు.

“తూము గురించి మూడు సార్లు ఫైలు పెట్టినాను. మూడోసారి, నీకు ఈ ఊరిమింద అంత ఆసక్తి ఎందుకని అడిగినారు.”

అమల అప్పుడే పనినుంచి వస్తూ ఆగింది. ఆ వారం ట్యాంకరు రాలేదని, వంటశాలలో మిగిలిన రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చింది. రఘునాథ్ ఆమె నెత్తిమీద బిందెనూ, కోటుమీద ముద్రించిన ముంతకోన బొమ్మనూ చూసి తల దించుకున్నాడు. మజ్జిగ ఇస్తే వద్దన్నాడు. పోయేటప్పుడు ఈసారి మాటేమీ ఇవ్వలేదు.

సెప్టెంబరులో ఆయనే ఫోన్ చేశాడు.

“ముంతకోనకు అవార్డు వచ్చిందమ్మా. సుస్థిర పర్యాటకంలో మొదటి బహుమతి. తిరుపతిలో సభ. మిమ్మల్ని తప్పకుండా తీసుకురమ్మన్నారు.”

“దేనికి సార్ అవార్డు?”

“మీ పద్ధతులకే. గాజుసీసాలు ఆపడం, మందిని తగ్గించడం, ఎండాకాలం మూసెయ్యడం. అవన్నీ రాసి పంపినారు.”

“అవేవీ ఇప్పుడు లేవు గదా.”

“ఫారంలో ‘పాటించిన పద్ధతులు’ అని ఉండాదమ్మా. ‘పాటిస్తున్న’ అని లేదు.”

పోకూడదనుకుంది. చెంగల్రాయుడే పొమ్మన్నాడు. “పెద్దోళ్లంతా ఒక తావున ఉంటారు. మైకు ఇస్తారు గదా. తూము మాట ఒక్కటి చెప్పేసి రా మే.” ఆ మాటనే తోటలో కలుపు తీస్తూ నాలుగు రోజులు వల్లెవేసుకుంది. అర్జీ కూడా కొత్తగా రాయించి మడిచి కొంగులో పెట్టుకుంది.

తిరుపతిలో పెద్ద హాలు. ఆమెను మూడో వరసలో కూర్చోబెట్టారు. ప్రసంగాలు పొద్దున పదకొండుకు మొదలై రెండింటి దాకా సాగాయి. రాబోయే ఐదేళ్లలో పర్యాటకానికి ప్రభుత్వం ఏమేం చేయబోతోందో ఒక్కొక్కరే చెప్పారు. ప్రకృతిని కాపాడటమే మొదటి ప్రాధాన్యం అన్నారు. ఊరివాళ్లే యజమానులు అన్నారు. వింటుంటే ఎస్తేరుకు అవన్నీ మంచి మాటలుగానే తోచాయి. మంచి మాటలు చెప్పేవాళ్లకు తూము సంగతి చెబితే వినకపోతారా అని ధైర్యం కూడా వచ్చింది.

ఆమె పేరు పిలిచేసరికి ఆలస్యమైపోయింది. ముఖ్య అతిథి విమానానికి పోవాలి. వేదిక ఎక్కించారు, శాలువా కప్పారు, కోన నడిపే కంపెనీ తరఫున వచ్చిన మనిషికి అవార్డు ఇచ్చి దాని అంచు ఆమెను పట్టుకోమన్నారు. ఫోటో తీశారు. ఆమె మైకు కోసం చూసింది. మైకు దగ్గరున్న అమ్మాయి అప్పటికే తర్వాతి పేరు చదువుతోంది.

“ఒక్క మాట చెప్పాల సార్,” అంది ఎస్తేరు ముఖ్య అతిథితో.

“తప్పకుండా అమ్మా,” అన్నాడాయన నవ్వుతూ, చేతులు జోడించి. ఆమె అర్జీ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని పక్కనున్న మనిషికిచ్చాడు. ఆ మనిషి దాన్ని చేతిలోని మిగతా కాగితాలతో కలిపి పట్టుకున్నాడు. వెనక ఉన్నవాళ్లకు దారి ఇవ్వమని ఎవరో ఆమె భుజం తట్టారు. మెట్లు దిగేటప్పుడు కింద రఘునాథ్ కనిపించాడు. చేయి అందించాడు.

అక్టోబరులో వానలు పడ్డాయి. మడుగు నిండి, గోడ మీదుగా నీళ్లు పొర్లి, కాలవ పారింది. ఎవరూ తాళం తీయలేదు. ఊళ్లోవాళ్లు నాట్లలో పడిపోయారు. తూము గురించి మాట్లాడుదామని ఎస్తేరు పిలిస్తే, ఇప్పుడు నీళ్లొస్తా ఉండాయి కదా అన్నారు. వాళ్లనూ అనడానికి లేదు. వాన ఉండగానే నాటుకోవాలి.

నవంబరులో ఒక మధ్యాహ్నం తోటలో అన్నం తింటుండగా ఆమెకు ఫోను వచ్చింది. మనిషి గొంతు కాదు, ముందే రికార్డు చేసిన గొంతు. కాలవ నీటి గురించి మీరిచ్చిన అర్జీ పరిష్కరించబడింది, క్షేత్ర పరిశీలనలో నీటి ప్రవాహం సాధారణంగా ఉన్నట్టు తేలింది, మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, చెందకపోతే రెండు నొక్కండి అంది. ఎస్తేరు ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కళ్లు చికిలించి అంకె వెతికి రెండు నొక్కింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఫోను ఆగిపోయింది.

సాయంత్రం ఆ సంగతి చెంగల్రాయుడికి చెప్పింది. ఆయన కాలవగట్టు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆవులు పోయినప్పటి నుంచి ఆ వేళప్పుడు ఆయనకు పనేమీ ఉండటం లేదు.

“రెండు నొక్కితే ఏమైతాది మే?”

“ఏమో అన్నా. ఆడ అంతే ఆగిపోయింది.”

“మళ్లా అర్జీ పెడదామా?”

“ఏమని పెట్టేది? నీళ్లొస్తా ఉండాయి గదా అంటారు.”

“రానప్పుడు పెడదాం అయితే.”

“అప్పుడు అటవీశాఖకు పంపుతారు,” అంది ఎస్తేరు.

కాలవ నిండుగా పారుతోంది. ఆమె అక్కడే దిగి కాళ్లూ చేతులూ కడుక్కుని, పొద్దున్నే తోటకు పోవాలని ఇంటిదారి పట్టింది.